కొలువు వెలుపలి చెలిమి



ఈ వార్షికమహాసభయందు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. సంస్కృతము చదివి, 35 సంవత్సరములు బడిలో పాఠములు చెప్పినవాఁడను; లోకవ్యవహారమున నా యెఱుక కొంచెము. అయినను మన సంఘమున నేఁడు మిల్లుల యజమానులును, చేఁపల చెరువుల ఆసాములును, కార్యాలయములలో పైయధికారులును పెక్కండ్రున్నారు. తమ చేతిక్రింద పనిచేయువారితో పనివేళ గడచిన పిమ్మట వా రెట్లు మెలఁగవలయునో యది నేఁటి నా విషయము.

మనము కూడిన యీ పెదవేగి శాలంకాయనులకు రాజధానియైన వేంగి. పిదప తూర్పుచాళుక్యుల కాలమున నీ పేరు దేశమున కంతకును వర్తించెను. రాజులు పోయిరి. నేఁ డిచ్చట ఆయిల్‌పామ్ తోఁటలును, ఫ్యాక్టరీయు, 1995లో నెలకొన్న ఆయిల్‌పామ్ పరిశోధనసంస్థయు నున్నవి. కొలువులు మాఱినవి గాని, ఏలికకును సేవకునకును నడుమ నెంత చనువుండవలయు నను చిక్కు మాఱలేదు.

శాంతిపర్వమున భీష్ముఁడు ధర్మరాజునకు రాజధర్మము లుపదేశించుచు, భృత్యులతో నిత్యము పరిహాసములాడరాదనెను. అట్లాడిన వారు మేర మీఱుదురు, ఆజ్ఞను లెక్కసేయరు, రహస్యములు వెలిపుచ్చుదురు. ఇది విని కొందఱు అధికారులు దూరముగా నుండుటయే గౌరవమనుకొందురు. వారు పంచతంత్రమున మిత్రభేదమునందలి దంతిలుని కథ జ్ఞప్తికిఁ దెచ్చుకొనవలయును. దంతిలుఁడు కుమార్తె వివాహమునకు రాజపరివారమును బిలిచెను. రాజగృహము నూడ్చు గోరంభుఁడు తగని పీఠముపైఁ గూర్చుండఁగా, మెడపట్టి గెంటించెను. గోరంభుఁడు నిదురమత్తున నున్న రాజు చెంత నొక్క మాట గొణిగి, దంతిలునకు రాజద్వారము మూయించెను. తుదకు దంతిలుఁడు వానిని తన యింటికిఁ బిలిచి, వస్త్రము లిచ్చి, క్షమింపుమనవలసివచ్చెను. మితిమీఱిన చనువు చేటే. పిలిచి యవమానించుట యంతకంటెఁ జేటు.

ఇప్పుడు నా తప్పు నొకటి చెప్పుకొందును. నే నొక పాఠశాలయందు ప్రధానోపాధ్యాయుఁడనుగా నుండఁగా, ప్రతి పండుగకును తోడి యుపాధ్యాయులను భోజనమునకుఁ బిలుచువాఁడను. ఒక చిన్న యుపాధ్యాయుఁడు రెండు మాఱులు రాలేదు. నేను నోరు విప్పి యేమియు ననలేదు. గాని మఱుసటియేఁట కాలపట్టికలో బరువైన తరగతులన్నియు నాతనికే పడినవి. అవి వానియంతట పడలేదు. కొంతకాలమునకు ఆతని తల్లి మరణింపఁగా పరామర్శకుఁ బోయితిని. ఒంటిగది యిల్లు. ఆమె యేండ్లతరబడి మంచము పట్టియుండెననియు, వండిపెట్టుటకు నాతఁడు దక్క వేఱొకరు లేరనియు నరుగుమీఁద నిరుగుపొరుగువారు చెప్పిరి. నే నన్నిమాఱు లాతనిని నా యింటికిఁ బిలిచితిని. ఒక్కమాఱైనను ఆతని యింటికిఁ బోనైతిని. నాకు విందైనది యాతని కాజ్ఞయయ్యెను. రానివానిపైఁ గినుక వహించు పిలుపు పిలుపు గాదని నా కప్పుడు దెలిసినది.

కొల్లేటిప్రాంతపు చెరువుగట్టులపై గుడిసె వేసికొని కావలివాఁ డుండును. యజమానుఁడు మిత్రులతో రాత్రివేళఁ గారులో వచ్చి, వానిచేఁ జేఁపల కూర వండించుకొని తిని, "మావాళ్లతోఁ గలిసి భోజనము చేసితి" నని మఱునాఁడు చెప్పుకొనును. వండినవాఁడు వాఁడు, గిన్నెలు తోమినవాఁడు వాఁడు, నిదుర చెడినవాఁడు వాఁడు. అది చెలిమి గాదు, కూలి లేని పని. ఆ యజమానుఁడే కావలివాని కూఁతురి పెండ్లికిఁ బోయి, పంక్తిలోఁ గూర్చుండి నాలుగు మెతుకులు తినివచ్చిన, నది చెలిమి.

శాసనములు నీ మర్మమునే చెప్పినవి. 1948నాఁటి ఫ్యాక్టరీల చట్టము పెద్దవారి పనికి వారమునకు 48 గంటల మితి పెట్టెను. మిగిలిన కాలము పనివానిది. దానిని విందుపేరిటఁ దీసికొనుటకును వాని యిష్టము గావలయును. 1964నాఁటి కేంద్రప్రభుత్వోద్యోగుల ప్రవర్తననియమములు సామాన్యమైన భోజనమును గానుకగా నెంచక, ఉద్యోగవ్యవహార మున్నవారి యాడంబరపు విందులను, తఱచు విందులను మానుమన్నవి. స్త్రీలకుఁ బనిచోట రక్షణ గూర్చు 2013నాఁటి చట్టము ఉద్యోగనిమిత్తమై పోయిన చోటునుగూడ పనిచోటుగనే యెంచినది. కావున రాత్రివిందులకు వారిని నిర్బంధింపరాదు.

ఇఁక నొక్క కటువైన మాట. పెద్దలు మన్నింతురుగాక. కార్తికమాసమున మనము ఉసిరిచెట్టు క్రింద వనభోజనములు చేయుచున్నాము. బంధువులు కలిసికొందురు, పిల్లల చదువులకు సాయము లభించును, మంచిదే. గాని మన యధికారి తన కార్యాలయమునుండి మనవారిని మాత్రమే యచ్చటికిఁ దోడ్కొనివచ్చి, బదిలీలు, సెలవులు, ప్రమోషన్లు విస్తరి ముందే మాటలాడినచో, సోమవారమునాఁడు తక్కిన గుమాస్తాలు వానిముఖ మెట్లు చూతురు? విస్తరి దొరకనివానికి న్యాయమును దొరకదని వారు తలంతురు. ఆ తలఁపు తప్పని మనము చెప్పఁజాలము. ఆ యపకీర్తి యొక్క యధికారిది గాదు, మన సంఘమంతటిది.

కావున నా విన్నప మిది. సంఘపు వనభోజనమున కార్యాలయపు మాట యెత్తకుఁడు. కార్యాలయమునకు వేఱొక వనభోజనము పగటివేళఁ బెట్టి, జమేదారు మొదలు అందఱిని బిలువుఁడు. ఖర్చు మీరు పెట్టుకొనుఁడు. వడ్డన మీ చేత జరుగనిండు. రానివానిని కారణ మడుగకుఁడు. వాని యింట కష్టము వచ్చినప్పుడు మాత్రము పిలువకయే పొండు.

నా యొంటిగది పాఠము మీలో నొక్కరికైనను ముందుగాఁ దెలిసినచో, నే నీ వేదిక నెక్కుట సార్థకము.