అరవై దాటిన అక్కను సంఘం నుంచి పంపొద్దు

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు, లోన్లు, రికవరీ లెక్కలు ఇంతకు ముందే చదివి వినిపించారు. మేము మా గ్రూపు తరఫున ఒక్క విషయమే మాట్లాడతాం. అరవై నిండిన సభ్యురాలిని ఏం చేయాలని గ్రూపుల్లో ఇప్పుడు లొల్లి నడుస్తున్నది. లోనుకు వయసు అడ్డం వస్తున్నదని, ఆమె పొదుపు పైసలు లెక్కగట్టి ఇచ్చేసి, ఆ జాగాలో కోడలినో బిడ్డనో చేర్చుకుందామని కొందరు అంటున్నారు. మేము వద్దంటున్నాం. ఎందుకో చెప్తాం.

మన గోదావరిఖనిలో ముసలితనం మిగతా ఊర్లలో వచ్చినట్టు రాదు. వ్యవసాయం చేసే ఇంట్లో మనిషి మెల్లమెల్లగా పని తగ్గించుకుంటడు. ఇక్కడ ఒక్క తారీఖుతో వస్తది. బాయి పనికి రిటైర్మెంట్ వయసు 60 ఉండేది, 2021లో 61 చేశారు. ఆఖరు రోజు దండ వేసి, శాలువా కప్పి పంపిస్తరు. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేయాలె. ఇన్నేండ్లు ఉన్న లైను, పక్కింటోళ్లు, నల్లా, కరెంటు అన్నీ ఒక్కసారే పోతయి. రిటైర్ అయ్యేది భర్త, కానీ సోపతి, వాకిలి పోయేది భార్యకు. ఆమెకు దండ కూడా ఉండదు.

ఇగ తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయి, కొడుకుకు ఉద్యోగం వచ్చిన ఇండ్లు మన మధ్యనే ఉన్నయి. కొడుక్కు నౌకరి వచ్చుడు మంచిదే, ఎవరు కాదంటరు? కానీ నిన్నటిదాకా జీతం తెచ్చిన ఇంట్లో పెద్దోళ్లు ఇయ్యాల గోలీలకు కొడుకును అడగాల్సి వస్తది. కోడలి మొఖం చూసి అడగాల్సి వస్తది. మనలో కోడండ్లు ఎక్కువ మంది ఉన్నరు, కాబట్టి ఈ మాట మనకే చెప్పుకుంటున్నం.

పింఛను ఉన్నది కదా అంటరు. బొగ్గుగని కార్మికుల పింఛను పథకం 1998లో వచ్చింది. సర్వీసు పూర్తిగా ఉన్నోళ్లకు ఆఖరి జీతం సగటులో నాలుగో వంతు వస్తది. ధరలు పెరిగితే అది పెరగదు. జీతాలు చిన్నగా ఉన్న రోజుల్లో దిగిపోయినోళ్లకు వచ్చేది నెల మందులకు కూడా చాలదు. భర్త పోతే భార్యకు అందులో 60 శాతమే. మరి సర్కారు ఇచ్చే ఆసరా? అది 2014లో మొదలైంది, 2019 నుంచి వృద్ధులకు నెలకు 2,016 రూపాయలు చేశారు. కానీ పిల్లలకు ఉద్యోగం ఉంటే ఆ పింఛనుకు అర్హత లేదని నిబంధన. ఊర్లో కైకిలికి పోయిన ముసలామెకు వస్తది, సింగరేణిలో పనిచేసే కొడుకున్న ముసలామెకు రాదు. కొడుకు ఇస్తే సరే. ఇయ్యకపోతే ఆమె పేరు ఏ కాగితం మీదా ఉండదు, ఒక్క మన గ్రూపు పొదుపు పుస్తకం మీద తప్ప. ఆ పుస్తకంలో నుంచి కూడా పేరు కొట్టేద్దామంటే ఎట్లా అక్కా?

ఆడమనిషి పేరు మీద, ఆమె పొదుపుతోనే పింఛను అనేది మనకు కొత్త ముచ్చట కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో అభయహస్తం తెచ్చారు. సభ్యురాలు రోజుకు రూపాయి, సర్కారు రూపాయి. అరవై నిండినంక నెలకు కనీసం 500. ఆ పథకం మన దగ్గర ఆగిపోయింది. పథకం ఆగినా రోజుకు రూపాయి తీసి పక్కన పెట్టే అలవాటు మన చేతిలోనే ఉన్నది.

బయట కూడా చూడండి. కేరళలో కుటుంబశ్రీ వాళ్లు పెద్దవయసు వాళ్లకే వేరుగా పొరుగు సంఘాలు పెట్టారు. తమిళనాడులో 2004 సునామీ తర్వాత నాగపట్నం వైపు హెల్ప్‌ఏజ్ ఇండియా వాళ్లు ముసలోళ్లతోనే పొదుపు సంఘాలు కట్టించారు. అంతా కొట్టుకపోయినోళ్లు, మీదికెళ్లి ముసలోళ్లు. వాళ్లు పొదుపు చేశారు, అప్పు తీసుకున్నరు. ముసలోళ్లకు అప్పిస్తే తిరిగి రాదనే భయం మనకు ఎందుకు?

మా గ్రూపు అడిగేది పెద్దదేం కాదు. బ్యాంకు లింకేజీ లోనులో ఆమె పేరు లేకపోతే లేకపాయె. పొదుపు కట్టనియ్యండి, మీటింగుకు రానియ్యండి, మన అంతర్గత నిధి నుంచి ఆమె పొదుపుకు తగ్గ చిన్న అప్పు ఇయ్యండి. అప్పు ఎందుకని అడిగితే కండ్ల ఆపరేషన్‌కు పోయే ఖర్చు అంటది, మోకాళ్ల మందు అంటది. ఇన్సూరెన్స్ రాదనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఏడాదికి 20 రూపాయల సురక్ష బీమా యోజన 70 ఏండ్ల దాకా ఉన్నది. ప్రమాదంలో పోతే 2 లక్షలు వస్తయి.

నవంబర్ వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ తిప్పలు. పని చేసి చేసి అరిగిన వేళ్లు మిషన్ మీద పడవు. జీవన్ ప్రమాణ్‌లో ఫోను ముందు మొఖం పెట్టి కూడా చేయొచ్చు. మన గ్రూపుల్లో ఫోను తెలిసిన పిల్లలు ఎంతమంది లేరు? నవంబర్ మొదటి వారం ప్రతి వాడలో ఇద్దరు చెల్లెళ్లు కూర్చుంటే, ఏ పెద్దమ్మా ఆటో కిరాయి పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగదు.

మీటింగులు మెట్లు ఎక్కే జాగాలో పెట్టకండి. ఎండాకాలం మన రామగుండం ఎండ సంగతి చెప్పేది లేదు, సాయంత్రం పెట్టండి. ఇంట్లో సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు నడిచేటప్పుడు ముసలామె ఒక్కతే ఉంటది. ఆమెకు ఆ గంట మీటింగే మనుషులతో మాట్లాడే జాగా. ఇంకొకటి, మన పిల్లలను ఆమె దగ్గర వదిలి పనికి పోతున్నం కదా, దానికి నెలకు ఇంత అని ఇయ్యండి. ఉత్తగా చేయించుకోవద్దు.

కొడుకు చూసుకోకపోతే 2007 చట్టం ఉన్నది. ఆర్డీఓ దగ్గర దరఖాస్తు పెట్టొచ్చు. సలహాకు 14567 నంబరుకు ఫోన్ చేయొచ్చు, పైసలు పడవు. అయితే కన్నకొడుకు మీద కాగితం పెట్టుడు ఏ తల్లికీ మనసొప్పదు. అందుకే ముందుగాల గ్రూపు నుంచి నలుగురం పోయి ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడుదాం. ఒప్పుకోకపోతే అప్పుడు ఆమెతోని పెద్దపల్లికి కూడా మనమే పోదాం.

వచ్చే నెల మీటింగుకు ప్రతి గ్రూపు లీడరు రెండు పేర్ల లిస్టులు రాసుకుని రావాలని కోరుతున్నాం. ఒకటి, గ్రూపులో అరవైకి దగ్గర పడ్డవాళ్లు. రెండోది, ఇప్పటికే పైసలిచ్చి పంపించినవాళ్లు. రెండో లిస్టులో ఉన్నవాళ్ల ఇండ్లకు మేము పోతాం, మాతోని ఎవరు వస్తరో ఇప్పుడే చెయ్యి లేపండి.