కాలేయానికి పడిన మచ్చ తగ్గుతుందా?

(రోగుల బంధువుల కోసం చేసిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



వార్డులో బంధువులు నన్ను తరచుగా మూడు ప్రశ్నలు అడుగుతుంటారు. “సిస్టర్, లివర్‌కి మచ్చలు పడ్డాయన్నారు, ఇక లాభం లేదా?” “అన్నదమ్ములిద్దరూ ఒకేలా తాగారు, ఒక్కడికే ఎందుకిలా అయింది?” “మా అమ్మ జీవితంలో చుక్క ముట్టలేదు, ఆమెకెందుకొచ్చింది?” ఈ మూడింటికీ జవాబు మన కాలేయంలోని కణాల్లోనే ఉంది.

మోకాలు చెక్కుకుపోతే పుండు మాని మచ్చ మిగులుతుంది. కాలేయంలోనూ అంతే. సారా, బ్రాందీ వంటి మత్తు పానీయాలు, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, పేరుకుపోయిన కొవ్వు కాలేయ కణాలను గాయపరుస్తాయి. ఆ గాయాన్ని పూడ్చడానికి కొల్లాజెన్ అనే మాంసకృత్తు దారాలు అల్లుకుంటాయి. దీనినే ఫైబ్రోసిస్ అంటారు.

ఈ దారాలను అల్లేదెవరు? నక్షత్రం ఆకారంలో ఉండే స్టెల్లేట్ కణాలు. కుప్ఫర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1876లో వీటిని మొదట వర్ణించాడు. ఆరోగ్యమైన కాలేయంలో ఇవి ఎవరి జోలికీ పోవు. మన శరీరంలోని విటమిన్ ‘ఎ’ నిల్వలో ఎక్కువ భాగాన్ని దాచిపెట్టుకొని నెమ్మదిగా ఉంటాయి.

కాలేయానికి గాయమైనప్పుడు అక్కడి రక్షణ కణాలు టి.జి.ఎఫ్. బీటా అనే రసాయన సందేశాన్ని విడుదల చేస్తాయి. అది అందగానే స్టెల్లేట్ కణంలో కొల్లాజెన్ తయారుచేసే జన్యువులు చురుకవుతాయి. కణం తన విటమిన్ ‘ఎ’ని పోగొట్టుకొని, సాగి, దారాలు అల్లడం మొదలుపెడుతుంది. అంతేకాదు, పాత దారాలను కరిగించే ఎంజైములకు అడ్డుపడే పదార్థాన్ని కూడా తయారుచేస్తుంది. ఒకవైపు అల్లిక పెరుగుతుంది, మరోవైపు కరగడం తగ్గుతుంది.

గాయం ఒక్కసారే అయితే ఈ పని ఆగిపోతుంది. రోజూ గాయమవుతుంటే ఆగదు. ఏళ్ళు గడిచేసరికి మచ్చలు కాలేయాన్ని గడులు గడులుగా చుట్టేస్తాయి. అదే సిర్రోసిస్. అప్పుడు రక్తం కాలేయం గుండా సాఫీగా పోలేదు. కడుపులో నీరు చేరడం, రక్తపు వాంతులు కావడం అందువల్లనే.

ఇక మొదటి ప్రశ్న: మచ్చ తగ్గుతుందా? తగ్గదనే చాలాకాలం అనుకున్నారు. కానీ గాయానికి కారణాన్ని తొలగిస్తే స్టెల్లేట్ కణాల్లో కొన్ని చనిపోతాయి, కొన్ని తిరిగి నెమ్మదిస్తాయి. దారాలు కొంత కరుగుతాయి. హెపటైటిస్ బి రోగులు టెనోఫోవిర్ మాత్రలు 5 ఏళ్ళు వాడిన ఒక పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మొదట్లో సిర్రోసిస్ ఉన్న 96 మందిలో 71 మందికి, 5 ఏళ్ళ తర్వాత ముక్క పరీక్షలో సిర్రోసిస్ కనిపించలేదు.

అయితే ఒక హెచ్చరిక. నెమ్మదించిన కణాలు పాత గాయాన్ని మరచిపోవు. అవి మళ్ళీ గాయం తగిలితే ముందుకంటే త్వరగా చురుకవుతాయని 2012లో ఎలుకలపై చేసిన పరిశోధనల్లో తేలింది. అందుకే “పండుగ కదా, ఒక్క పెగ్గు” అని మీరు పోయకండి, ఎవరినీ పోయనివ్వకండి.

మిగతా రెండు ప్రశ్నలకు జవాబు చాలావరకు జన్యువుల్లో ఉంది. పి.ఎన్.పి.ఎల్.ఎ.-3 అనే జన్యువులో ఒక చిన్న మార్పు ఉన్నవారికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా చేరుతుందని 2008లో కనుగొన్నారు. తాగేవారిలోనూ, తాగనివారిలోనూ ఆ మార్పు మచ్చల ముప్పును పెంచుతుంది. తల్లి నుండీ తండ్రి నుండీ రెండు వైపులా వస్తే ముప్పు ఇంకా ఎక్కువ. మరో జన్యువులో కాలేయాన్ని కొంత కాపాడే మార్పు కూడా ఉందని 2018లో తెలిసింది. అందుకే ఒకే ఇంట్లో అన్నకు రాకపోవచ్చు, తమ్ముడికి రావచ్చు. తాగని అమ్మకు అధిక బరువు, షుగరు తోడైతే చాలు. ఇది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. జన్యువును మార్చలేం గాని గాయాన్ని ఆపగలం.

మీరు చేయవలసినవి:

1. మద్యం పూర్తిగా మాన్పించండి. రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు సహాయంతో మాన్పించండి.

2. హెపటైటిస్ బి మాత్రలను ఒంట్లో బాగుందని ఆపకండి. ఇంట్లో అందరికీ రక్తపరీక్ష చేయించి, అవసరమైన వారికి టీకా వేయించండి.

3. హెపటైటిస్ సి సాధారణంగా 12 వారాల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందులు ఉచితం.

4. కొవ్వు చేరిన కాలేయానికి బరువు తగ్గడమే మొదటి మందు. బరువులో పదోవంతు తగ్గినవారిలో చాలామందికి మచ్చలు కూడా తగ్గాయి. కానీ సిర్రోసిస్ ముదిరిన రోగిని పస్తు పెట్టకండి.

5. పసరు మందులు, సొంతంగా కొన్న నొప్పి మాత్రలు వద్దు. విటమిన్ ‘ఎ’ మాత్రలూ వద్దు, అది ఎక్కువైతే కాలేయానికే హాని.

6. కొవ్వు వల్ల మచ్చలు పడి, ఇంకా సిర్రోసిస్ దాకా రానివారికి అమెరికాలో 2024లో రెస్మెటిరోమ్, 2025లో సెమాగ్లుటైడ్ అనుమతి పొందాయి. అవి ఎవరికి తగునో డాక్టరే చెప్పాలి.

7. సిర్రోసిస్ ఉన్నవారికి 6 నెలలకొకసారి స్కానింగు తప్పనిసరి, క్యాన్సరును ముందుగా పట్టుకోవడానికి.

రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, మాట తడబడటం, మగతగా ఉండటం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

బాగా ముదిరిన కాలేయం పూర్తిగా మామూలు కాకపోవచ్చు, కొందరికి కాలేయ మార్పిడే దారి కావచ్చు. అయినా గాయం ఆగిన ప్రతిరోజూ ఆ కాలేయానికి మేలే. మందులు మేమిస్తాం. ఇంటికి వెళ్ళాక ఆ గాయం మళ్ళీ తగలకుండా కాపలా కాయవలసింది మీరే.