బండి కొనేముందు మన పుస్తకం తెరుద్దాం

(మండల సమాఖ్య 2025-26 వార్షిక మహాజన సభలో గ్రామ సంఘం కొనుగోలు కమిటీ తరఫున ఒక సంఘ లీడరు చేసిన ప్రసంగం)



నేను చదివింది పదో తరగతి. ఇంజన్ల గురించి చెప్పడానికి నేనేమీ మెకానిక్కుని కాదండి. మా గ్రామ సంఘంలో కొబ్బరి, అరటి ఉన్న సభ్యులందరం కలిసి ఒక సరుకు బండి కొనుక్కోవాలని అనుకున్నాం. ఏ బండి కొనాలో చూడమని నలుగురితో కమిటీ వేశారు. అందులో నేనొకర్తిని. మేం చూసింది, విన్నది, లెక్క కట్టింది మీ ముందు పెట్టమని అధ్యక్షురాలు గారు చెప్పారు. ఇంకా మూడు నాలుగు గ్రామ సంఘాలు కూడా ఇదే ఆలోచనలో ఉన్నాయి కాబట్టి అందరికీ పనికొస్తుందని చెబుతున్నాను.

అసలు బండి ఎందుకు? మన బాధ మీకు తెలిసిందే. కాయ దింపిన రోజు బండి దొరకదు, బండి దొరికిన రోజు ధర ఉండదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి గానీ, రావులపాలెం అరటి మార్కెట్‌కి గానీ సరుకు తెల్లారేసరికి చేరాలి. పండగల ముందు కిరాయి వాళ్లు చెప్పిందే రేటు. ఆ కిరాయి డబ్బులే వాయిదాగా కట్టుకుంటే బండి మనదవుతుంది కదా అని అందరికీ అనిపిస్తుంది. నిజమే. కానీ ఆ వాయిదా మన సంఘాలన్నిటి పూచీ మీద ఉంటుంది. బండి ఆగిపోతే ఒక్క ఇల్లు కాదు, పది సంఘాల గ్రేడు పడిపోతుంది. బ్యాంకు లింకేజీ ఆగుతుంది, పిల్లల ఫీజులకి స్త్రీనిధిలో అడిగే మొహం ఉండదు. అందుకే దీన్ని ఆచితూచి చూశాం.

మన కుర్రాళ్లందరికీ ఇప్పుడు కొత్త మొహంతో వచ్చిన బొలేరో పికప్ మీద మనసు. ఆ బండి మనకి కొత్తేం కాదు, ఏళ్ల తరబడి మన రోడ్ల మీద తిరుగుతున్నదే. 2022 ఆగస్టులో దానికి కొత్త రూపం ఇచ్చి బొలేరో మ్యాక్స్ అని పేరు పెట్టారు. 2023 ఏప్రిల్లో ఆ వరస అంతా మార్చారు. ముందు భాగం మారింది, డ్రైవరు సీటు ఎత్తు సర్దుకోవచ్చు, బండి ఎక్కడుందో ఫోనులో చూసుకునే ఏర్పాటు వచ్చింది. లోపల ఇంజను మాత్రం రెండున్నర లీటర్లదే. 1,300 కిలోలు మోసే రకం నుంచి 2 టన్నులు మోసే రకం దాకా ఉన్నాయి. పొడుగు తొట్టి ఉన్న రకంలో తొట్టి 10 అడుగులు. బాగుందా అంటే బాగుంది. మనకి సరిపోతుందా అన్నదే ప్రశ్న.

దానికి పోటీ బండ్లు కూడా చూశాం. టాటా ఏస్ 2005లో వచ్చాక ఈ చిన్న బండ్ల వ్యాపారమే మారిపోయింది. అశోక్ లేలాండ్ వాళ్ల దోస్త్ 2011లో, మారుతి సూపర్ క్యారీ 2016లో, టాటా ఇంట్రా 2019లో వచ్చాయి. 2025 జూన్‌లో ఏస్ ప్రో అని 750 కిలోలు మోసే చిన్న బండిని 3 లక్షల 99 వేల నుంచి తెచ్చారు. బొలేరో మ్యాక్స్ 2023లో వచ్చినప్పుడు 7 లక్షల 85 వేల నుంచి మొదలు. ఇవి షోరూం ధరలు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి పాత కొటేషన్ కాగితం పట్టుకుని ఎవరైనా వస్తే దాన్ని పక్కన పెట్టండి. కొత్త తేదీతో, ఆన్ రోడ్ ధరతో కొటేషన్ రాయించుకోండి.

ఇక ఎలా పోల్చామో చెబుతాను.

మొదటిది మన లోడు. షోరూంకి వెళ్లకముందే మూడు నెలల పాటు ఒక పుస్తకంలో రాశాం. ఏ రోజు ఏ సరుకు, కాటా చీటీ ప్రకారం ఎన్ని కిలోలు, ఎంత దూరం, కిరాయి ఎంత, ఇవే గళ్లు. వలిచిన కొబ్బరికాయ అరకిలో పైన ఉంటుంది. రెండు వేల కాయలంటే టన్ను దాటుతుంది. అరటి గెల పదిహేను కిలోలు వేసుకుంటే వంద గెలలు టన్నున్నర. మా పుస్తకం చూస్తే వారంలో ఎక్కువ రోజులు టన్ను, టన్నుంపావు లోపే. టన్నున్నర దాటింది పండగల ముందు రోజుల్లోనే. ఆ నాలుగు రోజుల కోసం ఏడాదంతా 2 టన్నుల బండికి వాయిదా కట్టాలా? ఆ రోజు ఇంకో బండి కిరాయికి కట్టుకున్నా మనకే లాభం.

అందరి లెక్కా ఒకేలా ఉండదు. కడియం వైపు మొక్కలు పంపే అక్కలకి బరువు కంటే చోటు ముఖ్యం. మొక్కల కవర్లు ఒకదాని మీద ఒకటి పెట్టలేం కదా. వాళ్లకి 10 అడుగుల తొట్టి పనికొస్తుంది. ఆత్రేయపురం పూతరేకులు, మామిడి తాండ్ర లాంటి తేలిక సరుకు అయితే ఆరున్నర అడుగుల ఏస్ ప్రో తొట్టి చాలు. కొబ్బరి, అరటి మోసే మాకు ఇంట్రా వి30 లాంటిది 1,300 కిలోలు, దోస్త్ ప్లస్ 1,500 కిలోలు. మా పుస్తకానికి ఈ రెండూ సరిపోయాయి.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. బండి ఎంత మోస్తుందన్నది అమ్మేవాళ్ల నోటి మాట కాదు, ఆర్‌సీలో ఉంటుంది. లోడుతో కలిపి మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలిందే మన లోడు. తొట్టికి ఇనుప చట్రం, పైన కప్పు చేయిస్తే ఆ బరువు కూడా అందులోంచే పోతుంది. గ్యాసు సిలిండరు ఉన్నా అంతే. సూపర్ క్యారీ పెట్రోలుది 740 కిలోలు మోస్తే సీఎన్‌జీది 625 కిలోలే. గ్యాసు బండి తీసుకునేవాళ్లు బంకు ఎంత దూరమో, ఎంతసేపు వరసలో నిలబడాలో కూడా చూసుకోవాలి.

లోడు దాటించి వేస్తే? మోటారు వాహనాల చట్టం ప్రకారం 20,000 రూపాయలు జరిమానా, పైన ప్రతి టన్నుకి ఇంకో 2,000. ఒక్కసారి పట్టుబడితే నెల వాయిదా పోయినట్టే.

రెండోది మన దారి. హైవే మీద ఏ బండైనా బాగానే పోతుంది. మన సరుకు బయల్దేరేది కాలవ గట్టు మీద నుంచి. అందుకే ట్రయల్ బండిని షోరూం ముందు కాకుండా మన గట్టు మీదికి తెప్పించి చూశాం. చిన్న వంతెన దగ్గర ఒక్క తిప్పుకి తిరుగుతుందా, ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకి దిగుతుందా, వాన పడిన మట్టిలో చక్రం కూరుకుంటుందా, వెనక నుంచి గెలలు ఎత్తేటప్పుడు తొట్టి ఆడవాళ్ల చేతికి అందుతుందా, ఇవన్నీ చూశాం. పెద్ద బండికి బలం ఎక్కువే, కానీ మా చిన్న వంతెన దగ్గర రెండు మూడు సార్లు వెనక్కీ ముందుకీ చేయాల్సి వచ్చింది. మీ గట్టు వెడల్పుగా ఉంటే మీ తీర్పు వేరుగా రావచ్చు.

అంబాజీపేటలో బండ్లు ఆగే చోట డ్రైవర్లని కూడా అడిగాం. ఎవరి బండిని వాళ్లు మెచ్చుకున్నారు, అది సహజమే కదండీ! అందుకని "మంచిదా" అని అడగడం మానేసి, "క్లచ్చు ఎన్నాళ్లకి మార్చావు, టైర్లు ఎన్నాళ్లు వచ్చాయి, సామాను ఎక్కడ దొరికింది, సర్వీసుకి ఎన్ని రోజులు ఆగావు" అని అడిగాం. అప్పుడు పనికొచ్చే జవాబులు వచ్చాయి. బండి షెడ్డులో ఉన్న రోజు కిరాయి బండి ఖర్చూ మనదే, వాయిదా కూడా మనదే.

మూడోది డబ్బు. దీన్ని బోర్డు మీద రాసి చూపిస్తాను. 5 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, 5 ఏళ్లు అనుకుంటే నెల వాయిదా సుమారు 10,625 రూపాయలు. అదే 8 లక్షలైతే సుమారు 17,000. నెలకి 26 రోజులు బండి తిరుగుతుందనుకుంటే రోజుకి 650 రూపాయల పైన, డీజిల్ పోయకముందే. 5 ఏళ్లలో 8 లక్షలకి 10 లక్షల 20 వేలు కడతాం.

ఇక డీజిల్. రోజుకి 80 కిలోమీటర్ల లెక్కన నెలకి 2,080 కిలోమీటర్లు. లోడుతో లీటరుకి 14 ఇచ్చే బండికీ, 17 ఇచ్చే బండికీ నెలకి 26 లీటర్ల తేడా. లీటరు 97 రూపాయలు వేసుకుంటే రెండున్నర వేలు. కంపెనీ కాగితం మీద రాసిన మైలేజీ నమ్మి లెక్క వేయకండి. లోడు వేసి, ట్యాంకు నింపి, తిరిగి వచ్చాక మళ్లీ నింపి చూడండి.

థర్డ్ పార్టీ బీమా 2022 జూన్ నుంచి ఏడాదికి 16,049 రూపాయలు, పన్ను కాక. 7,500 కిలోల లోపు నాలుగు చక్రాల కిరాయి సరుకు బండ్లకి ఇదే రేటు. చిన్న బండికైనా, పెద్ద బండికైనా ఒకటే కాబట్టి ఇందులో పోటీ లేదు. దీనికి పైన సొంత బండి నష్టానికి బీమా వేరు. డ్రైవరు జీతం, బత్తా, టైర్లు, సర్వీసు వేరే గళ్లు.

గోదారి వరద వచ్చే నెలల్లో లంకల్లో సరుకు కదలదు. వరదకి బండి ఆగుతుంది గానీ వాయిదా ఆగదు. అందుకే మూడు వాయిదాల సొమ్ము ముందే పొదుపులో వేరుగా పెట్టాకే సంతకం పెట్టాలని మా కమిటీ మాట.

నాలుగోది కాగితాలు. లోడుతో కలిపి 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదని చట్టంలోనే ఉంది. 2 టన్నులు మోసే బండి ఆ గీత దాటేస్తుంది. ఇంట్రా వి30, దోస్త్ లాంటివి గీత లోపే ఉంటాయి. మనోళ్లు "బ్రేకు చేయించడం" అంటారే, ఆ ఫిట్‌నెస్ కొత్త బండికి 2 ఏళ్లు ఉంటుంది. తర్వాత 8 ఏళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ పైన ఏటా. ఆ తేదీలు మినిట్స్ పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి.

ఐదోది స్టీరింగు ఎవరి చేతిలో. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక తీర్పు ఇచ్చింది. కారు నడిపే ఎల్ఎంవీ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు సరుకు బండి కూడా నడపొచ్చు, దానికి వేరే ముద్ర అవసరం లేదని. అంటే మన సభ్యుల్లో ఎవరైనా లైసెన్సు తీసుకుంటే మన బండి మనమే నడుపుకోవచ్చు. మా ఊళ్లో ఇద్దరు చెల్లెళ్లు నేర్చుకుంటామని పేర్లిచ్చారు. డ్రైవరుని పెట్టుకున్నా, ఎవరింట్లో అబ్బాయి నడిపినా లాగ్ పుస్తకం మన దగ్గరే ఉండాలి. బండి గ్రామ సంఘం పేరు మీదే ఉండాలి.

ఆఖరిది, అన్నిటికంటే పెద్దది. మనుషుల్ని తొట్టిలో ఎక్కించడం. 2024 సెప్టెంబరులో మన జిల్లాల్లోనే, దేవరపల్లి మండలం చిన్నాయిగూడెం దగ్గర జీడిపిక్కల బస్తాలతో వెళ్తున్న మినీ లారీ బోల్తా పడింది. ఏడుగురు కూలీలు చనిపోయారు. పని చేసి ఇంటికి చేరాల్సిన వాళ్లు. మనమూ నాట్లకి, కోతలకి, పెళ్లిళ్లకి, గుళ్లకి అలాగే ఎక్కుతున్నాం. "దగ్గరే కదా వదినా, ఎక్కు" అంటే ఎక్కేస్తాం. సరుకు బండి బీమా తొట్టిలో కూర్చున్న మనిషి కోసం రాసింది కాదు. సంఘం బండి తొట్టిలో ఒక్క మనిషిని కూడా ఎక్కించకూడదు. నాయకురాలి చుట్టమైనా సరే. ఈ ఒక్క నిబంధనకి ఒప్పుకోలేకపోతే బండి కొనడమే వద్దని నేను కమిటీలో చెప్పాను, మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు.

మా కమిటీ సిఫారసు ఇదండి. మా ఊరి వరకు 1,300 నుంచి 1,500 కిలోలు మోసే, లోడుతో 3,000 కిలోల లోపు ఉండే బండి. ఇంట్రా, దోస్త్ రెండిట్లో సర్వీసు షెడ్డు మనకి దగ్గరగా ఉండి, రాతపూర్వకంగా తక్కువ ఆన్ రోడ్ ధర ఇచ్చినవాళ్ల దగ్గర తీసుకుందాం. కొత్త బొలేరో చెడ్డదని ఎవరూ అనుకోవద్దు. రోజూ టన్నున్నర పైన లోడు, వెడల్పు రోడ్డు, దూరం కిరాయిలు ఉన్న గ్రామ సంఘానికి అదే సరైన బండి కావచ్చు. మా పుస్తకం మాత్రం దాని వాయిదా మోయలేదు.

మిగతా గ్రామ సంఘాల అక్కలకి నా విన్నపం ఒక్కటే. ముందు మూడు నెలలు రాయండి. కావాలంటే మా గళ్ల కాగితం నకలు మీ వి.ఓ.ఏ. ద్వారా పంపిస్తాం. బండి కొన్నాక ఆ పుస్తకం ఆపకండి, ప్రతి నెలా సమావేశంలో గట్టిగా చదివి వినిపించండి. ఎంత వచ్చిందో, ఎంత పోయిందో చదువు రాని అవ్వకి కూడా తెలియాలి. అప్పు మీద ఆమె వేలిముద్ర కూడా ఉంది కదా.

 సందేహాలు ఉంటే భోజనాల దగ్గర అడగండి, బోర్డు మీద లెక్కలు చెరపకుండా ఉంచుతాం. సెలవండి.