ఆడిషన్‌కు ఇంట్లో రికార్డింగు



మన మనవలు, మనవరాండ్రు ఎందరో సంగీతం నేర్చుకుంటున్నారు. పోటీలవారు ముందుగా రికార్డింగు పంపమంటున్నారు. ఏ మైకు కొనాలని మిత్రులు అడుగుతుంటారు. పెన్షను డబ్బు మైకుకు పెట్టేముందు గదిని చూడండని నా మనవి.

ఖాళీ గోడల గదిలో ఖరీదైన మైకు ప్రతిధ్వనిని మరింత స్పష్టంగా పట్టి ఇస్తుంది. పరుపులు, దుప్పట్లు, పుస్తకాల బీరువాలు ఉన్న గది మేలు. ఫ్యాను ఆపండి. ఫ్రిజ్ కూడా ఆపండి, మళ్లీ వేయడం మరవకండి.

చాలా సెల్‌ఫోన్లు గొంతు తగ్గితే పెంచి, పెరిగితే తగ్గిస్తాయి. పాటలోని ఎత్తుపల్లాలు చదునైపోతాయి. కనుక లెవెలు మనమే సరిచేసుకోగల చిన్న స్టీరియో రికార్డరు చాలు. పాడేవారికి సుమారు 3 అడుగుల దూరంలో ఉంచి, ఎంత గట్టిగా పాడినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. ఎంపీ3 కాక వేవ్ ఫైలుగా భద్రపరచండి. తంబుర వినబడాలి గాని గొంతును కప్పకూడదు.

ఎకో కలపకండి, అతుకులు వేయకండి. అలా ఎంపికై, తీరా ఎదుట పాడేటప్పుడు తేలిపోతే చిన్నబోయేది ఆ బిడ్డే. మిగిలిన డబ్బుతో మంచి తంబుర కొనివ్వండి. ఆడిషన్ అయ్యాక కూడా పనికివస్తుంది.

సెలవు.