ఆర్డర్ చేతికొచ్చాకే రైలెక్కండి

(భిలాయ్ సెక్టర్ 2లో అంబేడ్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

బాబాసాహెబ్ జీవితం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. మన పిల్లలు ఎప్పుడూ అడిగే ఒక ప్రశ్న పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్తాను. డిగ్రీ అయింది, ఐటీఐ అయింది, ఇక్కడ పని లేదు. విశాఖ వెళ్ళాలా, హైదరాబాద్ వెళ్ళాలా? వెళ్ళి ఉద్యోగం వెతుక్కోవాలా, ఉద్యోగం దొరికాక వెళ్ళాలా?

నా జవాబు ముందే చెప్తాను. మనవాళ్ళు ఉద్యోగం కాగితం చేతికొచ్చాకే రాష్ట్రం దాటాలి. ఆస్తి ఉన్నవాళ్ళ పిల్లాడు ఊరికే వెళ్ళినా మేనమామ ఫ్లాట్‌లో ఆరు నెలలు ఉండి వెతుక్కుంటాడు. ఆ ఆరు నెలలు మనకు లేవు. పైగా రాష్ట్రం సరిహద్దు దగ్గర మన కులం సర్టిఫికెట్ ఆగిపోతుంది. కులం మాత్రం ఆగదు, మనతోపాటే రైలు దిగుతుంది.

"మీ నాన్నలు ఉద్యోగం చూసుకునే వచ్చారా?" అని అడగొచ్చు. లేదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన మన పెద్దల్లో చాలామంది బావమరిది చెప్పాడనో, ఊరివాడు ఉత్తరం రాశాడనో బండెక్కారు. మా నాన్న కూడా అంతే. కానీ అప్పటి భిలాయ్ వేరు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం అయింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ప్లాంటుకు మనుషులు కావాలి. పేరు రాయించుకున్నవాడికి ఉద్యోగంతోపాటు క్వార్టర్, పిల్లలకు బడి, సెక్టర్ 9 ఆసుపత్రి వచ్చాయి.

క్వార్టర్ అంటే నాలుగు గోడలే అనుకోకండి. బాబాసాహెబ్ బరోడా కథ గుర్తు తెచ్చుకోండి. 1917లో ఆయన బరోడా వెళ్ళింది ఉద్యోగం వెతుక్కోవడానికి కాదు. ఆ సంస్థానం డబ్బుతోనే కొలంబియాలో చదివారు, ఒప్పందం ప్రకారం అక్కడే కొలువు సిద్ధంగా ఉంది. లేనిది ఇల్లు. పార్శీ సత్రంలో పార్శీ పేరుతో ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజున పార్శీలు కర్రలతో వచ్చి ఖాళీ చేయమన్నారు. స్నేహితులూ చోటివ్వలేదు. అంత చదువు చదివిన మనిషి తోటలో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి తిరిగి వెళ్ళిపోయారు. ఉద్యోగం ఉండి కూడా! అదే మన పెద్దలకు ఇక్కడ క్వార్టర్ గ్రేడును బట్టి వచ్చింది, కులాన్ని బట్టి కాదు. ఇంటి ఓనరు దగ్గర ఇంటిపేరు చెప్పుకునే పని తప్పింది. ప్రభుత్వరంగం మనకిచ్చిన గొప్ప వరం అది.

ఆ గేటు ఇప్పుడు మూసుకుంది. 1980లలో ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగులు అరవై వేలకు పైనే. ఇప్పుడు అందులో సగం కూడా లేరు. మిగతా పని కాంట్రాక్టువాళ్ళు చేస్తున్నారు. ఇక్కడి హిందీలో పర్మనెంటుది 'నౌకరీ', కాంట్రాక్టుది 'కామ్'. ఆ కామ్ చేసేవాళ్ళ హక్కుల కోసం నిలబడ్డ శంకర్ గుహ నియోగిని 1991 సెప్టెంబర్ 28న ఈ ఊళ్ళోనే కాల్చి చంపారు. మన పెద్దలు నౌకరీకి వచ్చారు, మన పిల్లలు కామ్‌కి బయల్దేరుతున్నారు. అందుకే ఆనాటి ధైర్యం ఈనాడు సరిపోదు.

ఇక సర్టిఫికెట్ సంగతి. తెనాలిలో పుట్టిన ఒక ఎస్టీ కుర్రాడు, కేంద్ర ప్రభుత్వ సంస్థలో తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగి, అక్కడే చదివి, మెడికల్ సీటు అడిగాడు. 1990లో సుప్రీంకోర్టు ఆ మర్రి చంద్రశేఖర్ రావు కేసులో, ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం రాష్ట్రాల విషయంలో అదే మాట ఖాయం చేసింది.

ఎస్సీల జాబితాపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది 1950 ఆగస్టు 10న. ఆ రోజు మీ తాత ఎక్కడున్నాడన్నదే లెక్క. మన తాతలు మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లాలో ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా పుట్టింది ఆ తర్వాత అయిదు రోజులకు! అందుకే సెక్టర్ 2లో పుట్టి, ఇక్కడే చదివిన మన అమ్మాయి ఛత్తీస్‌గఢ్‌లో లోకల్, కానీ ఎస్సీ కాదు. ఆంధ్రకు వెళ్తే ఎస్సీ, కానీ అక్కడ చదవలేదు కాబట్టి నాన్‌లోకల్. తెలంగాణకు వెళ్తే రెండూ కాదు. అక్కడ 2018 ఉత్తర్వు ప్రకారం 95 శాతం పోస్టులు లోకల్‌వాళ్ళకే.

మరేం చేయాలి? నాలుగు మాటలు చెప్తాను.

ఒకటి. కేంద్ర ఉద్యోగాలు వదలకండి. రైల్వే, ఎస్ఎస్‌సీ, బ్యాంకులు, సెయిల్ లాంటి ప్రభుత్వరంగ సంస్థలు. సొంత రాష్ట్రం ఎస్సీ సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుంది. ఇక్కడ కూర్చునే దరఖాస్తు పెట్టి, ఆర్డర్ తీసుకుని ఏ రాష్ట్రమైనా వెళ్ళొచ్చు.

రెండు. నాన్న సర్టిఫికెట్‌ను బంగారంలా దాచండి. తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన సర్టిఫికెట్ చూపిస్తే, వలస వచ్చినచోట పిల్లలకు ఆ రాష్ట్రం పేరుతోనే సర్టిఫికెట్ ఇవ్వొచ్చని 1982లో కేంద్ర హోంశాఖ ఉత్తరం రాసింది. కేంద్ర ప్రభుత్వ నమూనాలో దానికోసం ప్రత్యేక పేరా ఉంది. ఆఫీసులో "మీ ఊరెళ్ళి తెచ్చుకో" అంటే ఆ పేరా చూపించండి. నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తితే కుదరదు.

మూడు. ప్రైవేటు ఉద్యోగమైతే కాగితం మీద జీతం, పనిచేసే ఊరు, పీఎఫ్, ఈఎస్ఐ రాసి ఉన్నాయా చూడండి. ఉద్యోగం ఇస్తానని డబ్బు అడిగేవాడి దగ్గర ఉద్యోగం ఉండదు. కాంట్రాక్టరు తీసుకెళ్తే అతని లైసెన్సు అడగండి. వలస కార్మికుల కోసం 1979లోనే చట్టం వచ్చింది, ఇప్పుడు దాన్ని 2020 నాటి లేబర్ కోడ్‌లో కలిపారు. రానుపోను ఖర్చు అడగడం మీ హక్కు, బతిమాలుకోవడం కాదు.

నాలుగు. ఇల్లు. హైదరాబాద్‌లో మా అబ్బాయిని ఒక ఓనరు "మీరేమిట్లు?" అని అడిగాడు. చెప్పాక, గది వేరేవాళ్ళకు మాటిచ్చామన్నాడు. వాడి చేతిలో ఆఫర్ లెటర్ ఉంది కాబట్టి ఆఫీసు స్నేహితుడి గదిలో సర్దుకుని ఇంకో ఇల్లు వెతుక్కున్నాడు. అదే లేకపోతే తిరుగు బండే. బయట స్థిరపడ్డ మనవాళ్ళకు నా విన్నపం ఒకటే. కొత్తగా వచ్చినవాడికి మీ ఇంట్లో నెల రోజులు ఒక మంచం వేయండి. జయంతికి కట్టే ఫ్లెక్సీ ఖర్చుతో అది అయిపోతుంది.

చివరిగా ఒక మాట. ఈ చిక్కు ఒక్కొక్కరి తెలివితో తీరేది కాదు. దీని మీద చట్టసభలు ఆలోచించాలని ఆ 1990 తీర్పే చెప్పింది. మనం అడుగుతున్నది ఇక్కడి సత్నామీ సోదరుల వాటా కాదు. ఈ ప్లాంటు కోసం పొలాలు పోగొట్టుకున్నది ఇక్కడి పల్లెలు. వాళ్ళ పళ్ళెంలో చెయ్యి పెట్టి మన ఆకలి తీర్చుకోవద్దు. వాళ్ళ శాతం తగ్గకుండా, వలస వచ్చిన దళిత కార్మికుల పిల్లలకు వేరే ఏర్పాటు కావాలని అడుగుదాం. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని అడుగుదాం.

దేశంలో ఎక్కడైనా తిరగొచ్చు, ఎక్కడైనా స్థిరపడొచ్చు అని 19వ అధికరణం చెప్తోంది. అది మన పిల్లలకు నిజం కావాలంటే ఉద్యోగం, ఇల్లు, సర్టిఫికెట్ మూడూ వాళ్ళతో రైలెక్కాలి. అంతవరకు ఆర్డర్ చేతికొచ్చాకే బయల్దేరండి.

జై భీమ్! జై సావిత్రీబాయి! జై సంవిధాన్!