పన్ను ఎంత అని కాదు, వేసేది ఎవరు అని



అమెరికా స్వాతంత్ర్యం అనగానే మనందరికీ బడిలో చదివిన నాలుగు ముక్కలు గుర్తుకొస్తాయి. చాయ్‌పత్తి మీద పన్ను వేశారు, జనం పెట్టెలను సముద్రంలో పారేశారు, యుద్ధం జరిగింది, స్వాతంత్ర్యం వచ్చింది. పరీక్షలో మార్కులకు ఇది చాలు. కానీ ఇందులో ఒక చోట లెక్క కుదరదు. 1773లో బ్రిటిష్ సర్కారు చేసిన చట్టం వల్ల చాయ్‌పత్తి ధర పెరగలేదు, తగ్గింది. అగ్గువకు వచ్చే సరుకును ఎవరైనా సముద్రం పాలు చేసుకుంటారా? ఈ ప్రశ్న పట్టుకొని మేం చదువుకుంటూ పోతే తేలిన ముచ్చట మీ ముందు పెడుతున్నాం.

పదేళ్లు వెనక్కి పోదాం. 1763లో బ్రిటన్ ఫ్రాన్సుతో ఏడేళ్ల యుద్ధం గెలిచి బయటపడింది. గెలుపుతో పాటు అప్పు కూడా దాదాపు రెట్టింపైంది. అమెరికాలో సైన్యాన్ని ఉంచుతున్నాం కాబట్టి ఆ ఖర్చులో కొంత అక్కడివాళ్లే భరించాలని లండన్ అన్నది. పైకి చూస్తే ఈ మాటలో తప్పేమీ లేదు. ఇంగ్లండులోని మామూలు మనిషి అమెరికా వలసవాసి కంటే చాలా ఎక్కువ పన్ను కడుతున్నాడు. ఆ సంగతి దాచిపెట్టి మాట్లాడటం మాకిష్టం లేదు. అసలు పంచాయితీ వేరే ఉంది. అట్లాంటిక్ తీరాన ఉన్న ఆ పదమూడు వలసలకు సొంత అసెంబ్లీలు ఉన్నాయి. వర్జీనియాలో అయితే 1619 నుంచే ఉంది. తమ మీద తాము పన్ను వేసుకునే అలవాటు వాళ్లకు తాతల కాలం నాటిది. ఇప్పుడు తాము ఒక్క సభ్యుణ్ణి కూడా పంపని పార్లమెంటు, మూడు వేల మైళ్ల అవతల కూర్చొని, నేరుగా జేబులో చెయ్యి పెడుతున్నది.

1765లో స్టాంపు చట్టం వచ్చింది. కోర్టు కాగితం, భూమి దస్తావేజు, పంచాంగం, పేకముక్కలు, చివరకు వార్తాపత్రిక, అన్నింటికీ ముద్ర ఉన్న కాగితమే వాడాలి. పత్రికలో పనిచేసే మాకు ఇక్కడ నవ్వొచ్చింది. ఏ పాలకుడైనా ముందు ఎవరితో పెట్టుకోకూడదో సరిగ్గా వాళ్లతోనే పెట్టుకున్నాడు. వకీలుకు వాదించడం తెలుసు, ముద్రాపకుడి చేతిలో అచ్చుయంత్రం ఉంది. ఇద్దరి పొట్ట మీదా ఒకేసారి కొట్టారు. చట్టం అమలులోకి రావాల్సింది నవంబర్ 1న. దానికి ముందురోజు ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా జర్నల్ తన మొదటి పేజీని సమాధిరాయి ఆకారంలో, పుర్రె బొమ్మతో అచ్చువేసింది. తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్క్‌లో కలిసి కూర్చున్నారు. స్టాంపులు అమ్మాల్సిన ఏజెంట్లు జనానికి భయపడి ఒక్కొక్కరే రాజీనామా చేశారు. అమ్మేవాడు లేకపోతే చట్టం ఎట్లా నడుస్తుంది?

దీనికి లండన్ ఇచ్చిన జవాబు వినండి. మీకు ఓటు లేకపోతేనేమి, పార్లమెంటు సభ్యుడు సామ్రాజ్యంలో ఉన్న అందరికీ ప్రతినిధే అన్నారు. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ లాంటి పట్నాలకు కూడా అప్పుడు సొంత సభ్యులు లేరు, వాళ్లు ఊరుకోలేదా అని దబాయించారు. తమ ఇంట్లో ఉన్న అన్యాయాన్ని చూపించి పక్కింటి అన్యాయాన్ని న్యాయం చేసే తెలివి ఇది.

1766 మార్చిలో స్టాంపు చట్టాన్ని రద్దు చేశారు. వలసల్లో దీపాలు పెట్టి పండుగ చేసుకున్నారు. అయితే అదే రోజు పార్లమెంటు ఇంకో చిన్న చట్టం చేసిందన్న సంగతి ఆ సంబరంలో చాలామంది పట్టించుకోలేదు. వలసల మీద ఏ విషయంలోనైనా చట్టం చేసే సంపూర్ణ అధికారం మాదే అని అందులో రాసుకున్నారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తాళంచెవి దగ్గర పెట్టుకోవడం అంటే ఇదే.

ఆ తాళం మరుసటేడే తీశారు. 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, చాయ్‌పత్తి మీద సుంకాలు వేశారు. ఆ డబ్బుతో ఏం చేస్తారన్నది ఉద్యోగ మిత్రులు గమనించాలి. గవర్నర్లకు, జడ్జిలకు జీతాలు ఇస్తారట! అప్పటిదాకా చాలా వలసల్లో గవర్నర్ జీతం అసెంబ్లీ చేతిలో ఉండేది. కాబట్టి ఎంత రాజు మనిషైనా స్థానికుల మాట వినక తప్పేది కాదు. జీతం లండన్ నుంచి వస్తే ఇక ఎవరి మాట వింటాడు? 1772లో మసాచుసెట్స్‌లో ఇది నిజంగానే అమలుకు వచ్చినప్పుడు, బోస్టన్‌లో శామ్యూల్ ఆడమ్స్ ముందుండి ఉత్తర ప్రత్యుత్తరాల కమిటీ పెట్టించాడు. ఊరు ఊరుకు ఉత్తరం రాయడం, జవాబు తెప్పించుకోవడం, దాన్ని ఇంకో ఊరికి పంపడం. చూడ్డానికి గుమస్తా పని. కానీ రెండేళ్లలో ఆ ఉత్తరాల మీదే పదమూడు వలసలు ఒకదానికొకటి తెలిసొచ్చాయి. ఈలోపు బ్రిటిష్ సరుకుల బహిష్కారం నడిచింది, ఆడవాళ్లు గుంపులుగా కూర్చొని నూలు వడికారు. 1770 మార్చి 5న బోస్టన్‌లో సైనికులు కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయారు. వాళ్లలో క్రిస్పస్ ఆటక్స్ అనే నల్లజాతి సంతతి నావికుడు ఉన్నాడు. సుంకాలన్నీ తీసేసి ఒక్క చాయ్‌పత్తి మీద మాత్రం ఉంచారు. పైసల కోసం కాదు, వేసే హక్కు మాకుందని గుర్తుచేయడానికి.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వద్దాం. ఆ చాయ్‌పత్తి ఎవరిది? ఈస్ట్ ఇండియా కంపెనీది. అవును, ఉత్తర సర్కారులను 1766లో నిజాం అలీ ఖాన్‌తో ఒప్పందం చేసుకొని తీసుకున్న కంపెనీయే. 1770 నాటి బెంగాల్ కరువులో జనం చస్తుంటే శిస్తు వసూలు చేసుకున్న కంపెనీయే. అట్లాంటి కంపెనీ 1772 నాటికి దివాలా అంచుకు చేరింది. చైనా నుంచి తెచ్చిన చాయ్‌పత్తి లండన్ గోదాముల్లో గుట్టలుగా పడి ఉంది. దాన్ని అమెరికాకు నేరుగా పంపుకోండి, బ్రిటన్‌లో కట్టే సుంకం వాపసు ఇస్తామని 1773లో పార్లమెంటు చట్టం చేసింది. అమెరికాలో కట్టే పౌనుకు మూడు పెన్నీల సుంకం మాత్రం అట్లాగే ఉంచింది. అందుకే ధర తగ్గింది. తగ్గిన ధరకు ఆశపడి ఒక్క కప్పు తాగినా, పార్లమెంటు పన్ను హక్కుకు తల ఊపినట్టే. స్థానిక వర్తకుల నోట్లో మన్ను పడటం వేరే. ఈ కంపెనీ బెంగాల్‌లో ఏం చేసిందో చూడండి, రేపు మన గతి అదే అని ఆనాడు ఫిలడెల్ఫియాలో కరపత్రం వచ్చింది. మన తాతల గోస అక్కడివాళ్లకు హెచ్చరిక అయింది.

డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో మూడు ఓడలెక్కి 342 పెట్టెలు పగలగొట్టి నీళ్లలో పోశారు. 92 వేల పౌన్లకు పైగా సరుకు.

లండన్‌కు కోపం వచ్చింది. 1774లో బోస్టన్ రేవు మూసేశారు. గవర్నర్ అనుమతి లేకుండా ఏడాదికి ఒకటికి మించి ఊరి సభ పెట్టుకోకూడదన్నారు. ఒక్క ఊరిని ఆకలికి మాడిస్తే మిగతావి భయపడతాయని లెక్క వేశారు. లెక్క తప్పింది. దక్షిణ కరోలినా నుంచి బియ్యం వచ్చింది, కనెక్టికట్ నుంచి గొర్రెలను తోలుకొచ్చారు. సెప్టెంబర్‌లో పన్నెండు వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్‌గా కూర్చున్నారు. జార్జియా రాలేదు. బహిష్కారాన్ని అమలు చేయడానికి ఊరూరా కమిటీలు పెట్టమన్నారు. ఈ కమిటీలు మంచివని మాత్రమే చెబితే అబద్ధం అవుతుంది. ఎదురు మాట్లాడినవాళ్లను అవమానించారు, తారు పూసి ఈకలు అంటించిన సంఘటనలూ ఉన్నాయి. అయినా, రాజు గవర్నర్ కోటలో ఉండగానే రాజ్యం మాత్రం కమిటీ చేతిలోకి వచ్చింది.

అప్పటికి కూడా స్వాతంత్ర్యం కావాలని ఎక్కువమంది అడగలేదు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో తుపాకులు పేలాయి. ఆ తర్వాత కూడా జూలైలో రాజుకు వినయంగా విజ్ఞప్తి పంపారు. మూడో జార్జి దాన్ని తీసుకోవడానికే ఒప్పుకోలేదు. ఆగస్టులో వాళ్లను తిరుగుబాటుదారులని ప్రకటించాడు. జర్మనీ నుంచి కిరాయి సైన్యం తెచ్చాడు. పదేళ్లుగా చేయి చాచినవాళ్లకు చేయి వెనక్కి తీసుకోక తప్పని స్థితి ఆయనే తెచ్చిపెట్టాడు.

1776 జనవరిలో థామస్ పెయిన్ చిన్న పుస్తకం 'కామన్ సెన్స్' వచ్చింది. ఇంగ్లండులో ఎక్సైజ్ ఉద్యోగం పోగొట్టుకొని, అమెరికా చేరి ఏడాది దాటినవాడు పెయిన్. పార్లమెంటు చెడ్డది, రాజు మంచివాడు అన్న భ్రమను రైతుకు అర్థమయ్యే మాటల్లో బద్దలుకొట్టాడు. ఆ వసంతంలో ఊళ్లూ, కౌంటీలూ, వలసలూ తమంతట తాము తీర్మానాలు చేయసాగాయి. ఏప్రిల్ నుంచి జూలై దాకా ఇట్లాంటివి దాదాపు 90 అని చరిత్రకారిణి పాలిన్ మేయర్ లెక్కతీసింది. అంటే జెఫర్సన్ కలం పట్టేనాటికే కింద ఊళ్లలో నిర్ణయం జరిగిపోతున్నది.

జూన్ 7న వర్జీనియా ప్రతినిధి రిచర్డ్ హెన్రీ లీ తీర్మానం పెట్టాడు. జూలై 1న ఓటు చూస్తే తొమ్మిది వలసలే అనుకూలం. పెన్సిల్వేనియా, దక్షిణ కరోలినా వద్దన్నాయి, డెలావేర్ సగం సగం చీలింది. డెలావేర్ ప్రతినిధి సీజర్ రాడ్నీ, ముఖానికి క్యాన్సర్ ఉన్న మనిషి, రాత్రికి రాత్రి ఎనభై మైళ్లు వానలో ప్రయాణం చేసి వచ్చాడు. జూలై 2న పన్నెండు వలసలు ఔనన్నాయి. న్యూయార్క్ తటస్థంగా ఉండి 9న కలిసింది. 4న ఆమోదించింది ప్రకటన పాఠాన్ని. 2వ తేదీనే పండుగ చేసుకుంటారని జాన్ ఆడమ్స్ భార్యకు రాశాడు పాపం!

ఆ పాఠంలో నుంచి కాంగ్రెస్ ఒక పేరా కొట్టేసింది. బానిసల వ్యాపారం నేరాన్ని రాజు మీద మోపిన పేరా అది. రాసిన జెఫర్సన్ కూడా జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలకు యజమాని. మనుషులంతా సమానమని చాటిన దేశంలో అప్పుడు ఐదుగురిలో ఒకరు బానిస. మూలవాసుల గురించి అయితే ఆ కాగితంలో తిట్టు తప్ప ఇంకేమీ లేదు. అయితే ఒకసారి అచ్చైన మాట అచ్చువేసినవాడి చెప్పుచేతల్లో ఉండదు. 1777 జనవరిలోనే ప్రిన్స్ హాల్, మరికొందరు నల్లవాళ్లు అదే సహజ హక్కు పేరు చెప్పి మసాచుసెట్స్ శాసనసభకు విజ్ఞప్తి పెట్టారు. 1780లో ఆ రాష్ట్రం రాసుకున్న రాజ్యాంగంలో మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుట్టారన్న వాక్యం చేరింది. మమ్ బెట్ అని పిలిచే ఒక బానిస స్త్రీ, చదువు రానిది, ఆ మాట చెవిన పడి వకీలు దగ్గరికి నడిచింది. నేను మనిషిని కానా అన్నదే ఆమె దావా. 1781లో గ్రేట్ బారింగ్టన్ కోర్టు ఆమెకు విడుదల ఇచ్చి, యజమాని నుంచి ముప్పై షిల్లింగులు ఇప్పించింది. పాత యజమాని జీతం ఇస్తాను, తిరిగి రమ్మంటే ఆమె పోలేదు. ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు పెట్టుకున్నది.