న్యాయానికి సాక్షులుగా నిలబడదాం

సకల లోకాలనూ సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే సర్వస్తోత్రాలు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతీ శుభాలూ కురియుగాక!

విశ్వాసులైన సోదర సోదరీమణులారా! ముందుగా మనకు మనమూ, ఆపైన ఒకరికొకరమూ దైవభీతిని ఉపదేశించుకుందాం.

దివ్యఖుర్‌ఆన్‌లోని నిసా సూరా 135వ ఆయత్‌లో అల్లాహ్ విశ్వాసులకు ఒక బరువైన బాధ్యతను అప్పగించాడు. న్యాయం పక్షాన గట్టిగా నిలబడాలనీ, మన సాక్ష్యం స్వయంగా మనకే, మన తల్లిదండ్రులకే, మన బంధువులకే వ్యతిరేకంగా పోయినా వెనుదీయరాదనీ ఆదేశించాడు. మనకు జరిగిన అన్యాయాన్ని గురించి మాట్లాడటం ఎవరికైనా చేతనవుతుంది. మన వల్ల జరుగుతున్న అన్యాయాన్ని ఒప్పుకోవడానికి మాత్రం ఈమాన్ బలం కావాలి. ఈ జుమా నాడు మనం ఆలోచించవలసిన విషయం ఇదే.

మానవులంతా ఒకే స్త్రీ పురుషుల సంతానమనీ, తెగలూ జాతులూ పరస్పర పరిచయం కోసమే గాని గొప్పలు చెప్పుకోవడానికి కావనీ, అల్లాహ్ దృష్టిలో గౌరవానికి గీటురాయి దైవభీతి ఒక్కటేననీ హుజురాత్ సూరా మనకు బోధిస్తున్నది. ఈ బోధ మక్కాలో మాటగా మిగిలిపోలేదు. ఉమయ్యా బిన్ ఖలఫ్ చేతిలో మండుటెండలో, గుండెలపై బండరాయితో చిత్రహింసలు అనుభవించిన హబషీ బానిస హజ్రత్ బిలాల్ (రజి). హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా జయించిన నాడు కాబా పైకెక్కి అజాన్ ఇమ్మని దైవప్రవక్త (స) పిలిచింది ఆయననే. కొందరు ఖురైష్ పెద్దలకు అది మింగుడుపడలేదు. అయినా ఆ స్థానం ఆయనకే దక్కింది.

అయితే అజ్ఞానకాలపు అహంకారం బయటివారిలోనే ఉంటుందని అనుకోరాదు. హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) వంటి మహా సహచరుడు ఒకసారి కోపంలో ఒక వ్యక్తిని, అతని తల్లి పుట్టుకను ఎత్తిచూపి కించపరిచారు. ఆ వ్యక్తి బిలాలేనని పలువురు పండితులు చెబుతారు. దైవప్రవక్త (స) ఆ మాటను తేలికగా వదిలిపెట్టలేదు. అబూజర్‌లో అజ్ఞానకాలపు లక్షణం ఇంకా మిగిలి ఉందని హెచ్చరించారు. సేవకులు మన సోదరులేననీ, మనం తినేదే వారికి పెట్టాలనీ, మనం తొడిగేదే వారికి తొడగాలనీ బోధించారు. అబూజర్ (రజి) ఆ బోధను జీవితాంతం పాటించారు. ఆయన ఒంటిమీద ఉన్నటువంటి వస్త్రమే ఆయన సేవకుని ఒంటిమీదా ఉండటం చూసి ఒకరు ఆశ్చర్యపడి కారణం అడిగారు. అందుకు సమాధానంగా ఆయన చెప్పిన సంగతే మనకు హదీసు గ్రంథాల్లో చేరింది.

సోదరులారా! న్యాయం కోసం నిలబడినవారు ఏ మతస్థులైనా వారి నుండి మనం నేర్చుకోవచ్చు. ప్రవక్త పదవి లభించక ముందే, మక్కాలో మోసపోయిన ఒక పరదేశి వర్తకునికి న్యాయం జరిపించడానికి కుదిరిన హిల్ఫుల్ ఫుజూల్ ఒడంబడికలో దైవప్రవక్త (స) పాల్గొన్నారు. అటువంటి దానికి ఇస్లామ్ వచ్చిన తర్వాత పిలిచినా తాను వెళతానని అన్నారు. ఈ సున్నత్ వెలుగులో గత శతాబ్దంలో అమెరికాలో జరిగిన ఒక పోరాటాన్ని పరికిద్దాం.

అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీ నగరంలో సిటీ బస్సుల ప్రయాణికులలో అత్యధికులు నల్లజాతివారు. అయినా ముందు సీట్లు తెల్లవారివి. నల్లవారు ముందు ద్వారం వద్ద డబ్బు చెల్లించి, దిగి, వెనుక ద్వారం గుండా ఎక్కవలసి వచ్చేది. ఈలోగా బస్సు కదిలి వెళ్లిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 1955 డిసెంబర్ 1న బట్టలు కుట్టే పనిచేసే రోజా పార్క్స్ అనే మహిళ ఇంటికి తిరిగివెళుతున్నారు. ఒక్క తెల్లవాడు కూర్చోవడం కోసం ఆ వరుసలోని నలుగురు నల్లవారూ లేవాలన్నది డ్రైవర్ ఆజ్ఞ. ముగ్గురు లేచారు. ఆమె లేవలేదు. పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. అదే ఏడాది మార్చిలో క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల బాలిక కూడా ఇలాగే లేవడానికి నిరాకరించి అరెస్టయింది.

ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు కూర్చుని వేల సంఖ్యలో కరపత్రాలు తయారుచేశారు. డిసెంబర్ 5 నుండి నల్లజాతి ప్రజలు బస్సులెక్కడం మానివేశారు. ఇళ్లలో వంటపని చేసుకునే స్త్రీలు తెల్లవారుజామునే లేచి మైళ్ల దూరం నడిచారు. కారున్నవారు లేనివారిని ఎక్కించుకున్నారు. 1956 జనవరిలో ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఇంటిపై బాంబు పడింది. ఆగ్రహంతో గుమిగూడిన జనాన్ని ఆయన హింసకు దిగవద్దని చెప్పి ఇళ్లకు పంపారు. ఆ నిగ్రహమే వారి ఆయుధమైంది. కాల్విన్‌తో సహా నలుగురు స్త్రీలు వేసిన దావాలో, ఈ వివక్ష రాజ్యాంగ విరుద్ధమన్న తీర్పును 1956 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ప్రజలు మళ్లీ బస్సెక్కేసరికి 381 రోజులు గడిచాయి. మన గ్రంథాలు సబర్ అని పేర్కొనే గుణం చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. సత్యం మీద పాదం మోపి, అలసినా వెనుకకు తీయకపోవడం.

అదే దేశంలో పుట్టిన మాల్కం ఎక్స్ జీవితం మనకు మరొక పాఠం. జాత్యహంకారం చేసిన గాయాలతో ఆయన తెల్లవారందరినీ దుష్టులుగా భావించే బోధనను చాలా కాలం ప్రచారం చేశారు. 1964 ఏప్రిల్‌లో హజ్‌కు వెళ్లారు. అక్కడ అన్ని వర్ణాల హాజీలూ ఒకే రకం ఇహ్రామ్ వస్త్రాల్లో ఉన్నారు. తెల్లని చర్మం గల ముస్లిములతో కలిసి ఒకే పళ్లెంలో తిన్నారు, ఒకే తివాచీపై నిద్రించారు. మనిషిని రంగును బట్టి తీర్మానించరాదని గ్రహించి, ఆ సంగతిని మక్కా నుండి ఉత్తరాల ద్వారా లోకానికి తెలియజేశారు. ఇన్నాళ్లూ తాను చెప్పినదానికి వ్యతిరేకంగా తానే సాక్ష్యం పలికారు. అలాగని పోరాటాన్ని వదలలేదు. ద్వేషాన్ని వదిలి హక్కుల కోసం పోరాడారు. 1965 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో హత్యకు గురయ్యేనాటికి ఆయన వయసు 39 ఏళ్లు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన ప్రవక్తపై దరూద్ పంపుతూ, ఇప్పుడు ఆ సాక్ష్యాన్ని మన మీదనే చెప్పుకుందాం.

మాల్కం హజ్‌లో చూసిన దృశ్యాన్ని మనం ప్రతి నమాజులోనూ చూస్తున్నాం. యజమాని, కూలీ భుజం భుజం కలిపి ఒకే సఫ్‌లో నిలబడుతున్నాం. సలాం చెప్పి మస్జిద్ మెట్లు దిగాక ఆ సఫ్ ఏమవుతున్నది? ఉర్దూ రాదని, ఇంట్లో తెలుగే మాట్లాడతారని దూదేకుల, నూర్‌బాషా సోదరులను తక్కువగా చూసేవారు మనలో లేరా? సంబంధం కుదుర్చుకునే వేళ దీన్‌ను, నడవడిని వెనుకకు నెట్టి ఖాందాన్ పేరును ముందు అడగడం లేదా? మన ఇంట్లో పనిచేసే మనిషికి వేరే గ్లాసులో టీ ఇవ్వడం లేదా? దళితులకు వేరే గ్లాసు పెట్టే టీ దుకాణాలను మన గ్రామాలు ఎరుగును. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. మన దీన్ అంతకు ఎంతో ముందే ఆ అహంకారాన్ని నిషేధించింది. ఆ గ్లాసు మన వంటింట్లోనే ఉంటే రేపు అల్లాహ్ ముందు మనం ఏమని సమాధానం చెప్పగలం?

ఈ దేశ పౌరులుగా సమాన హక్కులు కోరడం మన అధికారం, కర్తవ్యం కూడా. ఆ కోరికకు బలం వచ్చేది మన చేతి కింద ఉన్నవారికి ఆ హక్కులను మనం ఇచ్చినప్పుడే. కనుక ఈ వారమే మొదలుపెడదాం. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లిద్దాం. పనిమనిషికి మన పళ్లెంలోనే వడ్డిద్దాం. వంశం పేరుతో ఎవరినైనా నొప్పించి ఉంటే వారి ఇంటికి వెళ్లి క్షమాపణ కోరుదాం. పొరుగువాడు ఏ మతస్థుడైనా, అతనికి అన్యాయం జరిగినప్పుడు అతని పక్కన నిలబడదాం.

ఓ అల్లాహ్! మా హృదయాల నుండి వంశగర్వాన్ని, వర్ణగర్వాన్ని తొలగించు. మాకే నష్టం కలిగినా న్యాయం పలికే ధైర్యాన్ని ప్రసాదించు. లోకంలో ఎక్కడ ఎవరు పీడితులైనా వారికి ఆసరాగా ఉండు, మమ్మల్ని పీడకుల జాబితాలో చేర్చకు. ఆమీన్.